పది దినాలు ఆపిన మాత్ర

ఫోను మోగితే నాకు ముందు చావే గుర్తొస్తాది. మా ఆయన చెంగయ్య కొండ మిందికి జీపు తోలేవాడు. పెళ్లైన కొత్తల్లో పట్టుకున్న భయం అది, ముప్పై ఏండ్లైనా వదల్లేదు. "నువ్వు భయపడి భయపడి యముడికి మన ఇంటి గుర్తులు చెప్తా ఉండావే మునిరత్నా," అంటాడు ఆయన. నగులాటకే అంటాడు. మా కోమలి విషయంలో నేను చేసింది మాత్రం సరిగ్గా అదే.

కోమలి మాకు ఒకే కూతురు. పలమనేరులో ఇచ్చినాం. అల్లుడు హరినాథ్‌కి పాల డెయిరీలో ఉద్యోగం. ఇంట్లో వాళ్లిద్దరూ, వాళ్లమ్మ వరలక్ష్మమ్మ, రెండు ఆవులు. వరలక్ష్మమ్మ మొగుడు పోయినాక ఒక్కతే కొడుకును పెంచుకునింది. నోరు పెద్దది. చెయ్యీ పెద్దదే. మా ఇంటికి ఏనాడూ ఒట్టి చేతులతో రాలేదు.

పెళ్లైన రెండో ఏడు కోమలికి నెల తప్పింది. మూడో నెలకే కడుపు ఐదో నెలంత కనపడె. వాంతులు ఆగవు. తిరుపతికి తెచ్చి పెద్దాస్పత్రిలో స్కానింగు తీపిస్తే లోపల బిడ్డ లేదన్నారు. ద్రాక్షగుత్తి మాదిరి నీటి బుడగలంట. ముత్యాల గర్భం అంటారంట దాన్ని. ఎంత ముద్దుగా పెట్టినారో చూడండి పేరు. దాన్ని తీసేసినాక డాక్టరమ్మ నన్నూ కోమలినీ హరినాథ్‌నీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది ఒక్కోసారి మళ్లీ పెరుగుతుంది. పెరిగితే క్యాన్సర్ మాదిరి ఒంట్లో పాకుతుంది. దీనికి రక్తంలో ఒక నంబరు ఉంటుంది, నెలనెలా వచ్చి చూపించుకోవాలి. కడుపొచ్చినా అదే నంబరు పెరుగుతుంది. అందుకే ఏడాది పాటు కడుపు రాకూడదు. వస్తే అది బిడ్డో రోగమో నాకు తెలియదు. ఈ మాత్ర రోజూ అన్నం తిన్నాక వేసుకో. నా మాట వినకుండా మధ్యలో మానొద్దు."

అవి పిల్లలు కాకుండా వేసుకునే మాత్రలు. అట్టకి ఇరవైయొక్కటి.

బయటికొచ్చినాక హరినాథ్ ఆస్పత్రి మెట్ల మింద ఆగి, "అత్తా, మాయమ్మకి ఈ మాత్రల సంగతి ఇప్పుడే వద్దు. కడుపు పోయిందని మాత్రం చెప్దాం. క్యాన్సర్ అనే మాట వింటే ఆమె ఏమంటాదో తెలీదు. నేను టైము చూసి చెప్తాలే," అన్నాడు.

నాకూ అదే మంచిదనిపించింది. రోగమొచ్చే పిల్లని అంటగట్టినారని ఆమె ఊరంతా చాటితే? కొడుక్కి ఇంకో సంబంధం చూస్తే? ఆ మెట్లు దిగే లోపలే నేను కోమలిని పెట్టెతో సహా మా గడప ముందర నిలబెట్టేసినా, మనసులో.

ఆ టైము కోసం హరినాథ్ చూస్తానే ఉండె.

ఇంక నా సంగతి కూడా చెప్పాల, అదీ ఇందులో కలిసిపోయింది కాబట్టి. నాకు నలభైతొమ్మిది. రెండేండ్లుగా ముట్టు దారి తప్పింది. ఒక నెల రాదు. వస్తే పదిహేను దినాలు పోదు. మిషను ముందర కూర్చుని రవిక కుడతా ఉంటే ఎదలో పొయ్యి రాజేసినట్టు సెగ లేచి మెడ మిందికి పాకి, చెవుల్లోంచి ఆవిరి పోతా ఉండాదేమో అనిపిస్తాది. ఫ్యాను కింద కూర్చున్నా చెమటే. గర్భసంచిలో గడ్డ అని నేనే అనుకుని, గడ్డ అని చెప్తారేమోనని ఏడాది ఆస్పత్రి మొగం చూడలేదు. కోమలి రక్తపరీక్షకి వచ్చినప్పుడు నన్నూ లాక్కుపోయి అదే డాక్టరమ్మకి చూపించింది.

పరీక్షలన్నీ చేసి, "గడ్డా లేదు, ఏం లేదు. ముట్టు ఆగిపోయే ముందు ఇట్లాగే ఉంటుంది," అనింది ఆమె. రక్తం ఎక్కువ పోకుండా నెలకి పది దినాల మాత్ర, బీపీకి ఒక మాత్ర, సెగలకి ఇంకొకటి రాసిచ్చింది. "సెగలకి కొంతమందికి మీ పాప వేసుకునేలాంటి మాత్రలు కూడా ఇస్తాం. నీకు వద్దు. ఈ వయసు, పైన బీపీ. రక్తం గడ్డ కడుతుంది. ఎవరో చెప్పినారని తెచ్చుకుని మింగేవు."

నేనెందుకు మింగతాను. మాత్రలంటే నాకు కొత్త కాదు. తిరుపతిలో ఇల్లుంటే దర్శనం టికెట్లు దొరికిన చుట్టాలంతా మన ఇంట్లోనే దిగతారు. టికెట్టు మూడు నెలల ముందు తీసుకుంటారు, ముట్టు మాత్రం ఆ పొద్దే వస్తానంటాది. అందుకని మా ఇంట్లో స్టీలు డబ్బాలో ముట్టు ఆపే మాత్రలు ఎప్పుడూ ఉంటాయి. ఎంతమందికి ఇచ్చింటానో. వేసుకుంటే ఆగతాది, మానేస్తే వస్తాది. కొళాయి మాదిరి. మాత్రలంటే అంతే అని నా తలకాయలో పడిపోయింది. నా బుద్ధి గడ్డి తినింది ఆడనే.

వినాయక చవితి ముందర వరలక్ష్మమ్మ కొడుకునీ కోడలినీ తోడుకుని దర్శనానికి వచ్చింది. పొద్దున ఆరుకి అందరికీ ఇడ్లీలు పెట్టినా. ఆమె తల దువ్వుకుందామని దువ్వెన కోసం కోమలి సంచిలో చెయ్యి పెట్టింది. దువ్వెన కాదు, అట్ట వచ్చింది.

"ఇవేం మాత్రలు పాపా?"

కోమలి మొగుడి తట్టు చూసింది. హరినాథ్ ఇడ్లీ తుంచి చట్నీలో ముంచినాడు. ముంచింది తినకుండా మళ్లీ ముంచినాడు.

"నావి వదినా," అన్నా నేను.

"నీవి దీని సంచిలో ఎందుకుండాయి?"

"నేనే తెమ్మంటి. మా ఈది షాపులో లేవన్నారు. నాకు ముట్టు ఆగిపోయే వయసు కదా, ఒంట్లో ఒకటే సెగలు. డాక్టరమ్మ రాసిచ్చింది."

ఆమె పీట లాక్కుని నా పక్కన కూర్చునె.

"సెగలా? మెడ కాడ మొదులుపెడతాదా?"

"అవును వదినా."

"తెల్లారుజామున రవిక పిండితే నీళ్లు కారతాయా?"

"కారతాయి."

"ఉట్టినే ఎవురినన్నా కొరకాలనిపిస్తాదా?"

కోమలి నగు ఆపుకోలేక తల దించుకునింది. చాన్నాళ్లకి నగింది ఆ పిల్ల.

"మూడేండ్లాయె," అనింది వరలక్ష్మమ్మ. "ఎవురికి చెప్పుకునేది? ఇంట్లో మొగపిల్లోడు. ఆవులకి చెప్పుకుంటా ఉండా. అవి తల ఊపతాయి, పాపం." ఆ అట్టని మడిచి రవికలో పెట్టుకునేసింది. "ఇది నాకియ్యి. నువ్వు ఇంకోటి తెచ్చుకో."

ఇయ్యనంటే అనుమానం. ఇస్తే ఆమెకీ బీపీ ఉండాది. అట్ట ఆమె రవికలోనే కొండెక్కి దిగి పలమనేరు పోయింది. ఆ వారం నాకు నిద్ర లేదు. వియ్యపురాలు ఆవు పాలు పిండతా పిండతా పక్కకి ఒరిగిపోయినట్టు కనపడేది. నాలుగో దినం ఫోను చేసి, "వదినా, మీ ఊర్లో డాక్టరుకి చూపించుకోకుండా మింగొద్దు," అన్నా.

"నాలుగు మింగినా. సెగ తగ్గినట్టే ఉండాది వదినా. నీ పుణ్యం," అనింది.

ఆ పుణ్యం ఇంకో పది దినాలకి తిరిగొచ్చింది. అట్ట అయిపోతా ఉండాదని, ఇంకోటి కొనేదానికి సుబ్రమణ్యం మందుల షాపుకి పోయింది. ఆయన అట్ట తిప్పి చూసి నలుగురి ముందర, "ఈ వయసులో నీకెందుకక్కా? ఇవి పిల్లలు కాకుండా వేసుకునేవి," అన్నాడంట.

ఆ మధ్యాన్నం ఫోను వచ్చింది.

"షాపులో మొగోళ్లంతా పండ్లు బయట పెట్టినారు వదినా. నా సంగతి పోనీ. ఒక్క మాట చెప్పు. అవి నిజంగా నీవేనా?"

"నావే. కొంతమందికి సెగలకి కూడా ఇస్తారంట. డాక్టర్ని అడుగు కావాలంటే."

అందులో సగం నిజమే. ఆ సగాన్నే గట్టిగా పట్టుకున్నా.

ఆమె నెలలు లెక్కబెట్టింది. "కడుపు పోయి ఏడు నెల్లాయె. మళ్లీ నిలబళ్లేదు. నేను ఎవురినీ ఏమీ అనను. ఈ సోమవారం కాదు, పై సోమవారం కాణిపాకం పోదాం. పిల్లలు కాకుండా మాత్రలేం మింగడం లేదని కోమలిని స్వామి ముందర చెప్పమను. చెప్తే నేను ఇంక నోరెత్తను."

మా తట్టు కాణిపాకం వినాయకుడంటే ఏమో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కోర్టులో అబద్ధం ఆడినోడు కూడా, కాణిపాకం పోదాం రా అంటే ఒప్పేసుకుంటాడు. ఆడ అబద్ధం ఆడితే ఆ ఇంటికి దీపం ఉండదంటారు. నేను అది నమ్మతాను. నమ్మకుండా ఎట్ల ఉండేది నాకు తెలీదు.

కోమలి అబద్ధం చెప్తే స్వామి ఊరుకోడు. నిజం చెప్తే వరలక్ష్మమ్మ ఊరుకోదు. కొత్త గుడ్డ మింద కత్తెర పెట్టుకుని ఒక పూటంతా ఆలోచిస్తే నాకు మధ్యలో దారి కనపడింది. దారి అనుకున్నా.

"కోమలీ, ఈ పొద్దు నుంచి మాత్ర ఆపెయ్యి," అన్నా ఫోన్లో. "సోమవారానికి పది దినాలు. ఆ పొద్దు నువ్వు మాత్రలేం మింగడం లేదంటే అది నిజమే కదా. మళ్లీ ఇంటికొచ్చి మొదులుపెట్టు."

"డాక్టరమ్మ మధ్యలో మానొద్దని చెప్పింది కదమ్మా."

"పది దినాలే. మన ఇంట్లో ఎంతమంది ఆపలేదు, ఎంతమంది వెయ్యలేదు? ఏమైంది వాళ్లకి?"

"అవి వేరేమో మా."

"నేను నీకన్నా ఎక్కువ మాత్రలు చూసినా. ఆయనతో కూడా చెప్పు, ఈ పది దినాలు..." ఆ మాట నేను పూర్తి చెయ్యలేకపోయినా. కన్నతల్లిని, యాడ చెప్పేది.

"చెప్తాలే మా," అనింది.

అమ్మ మాట విన్నది బిడ్డ. అదే దాని తప్పు.

సోమవారం మేము తిరుపతి నుంచి, వాళ్లు పలమనేరు నుంచి పోయినాం. కోమలి తల మింద నీళ్లు పోసుకుని, తడి చీరతో వణకతా వచ్చి నిలబడె. వరలక్ష్మమ్మ పక్కనే ఉండాది. హరినాథ్ కొబ్బరికాయలు తెస్తానని పోయినోడు అంతా అయిపోయినాక వచ్చినాడు.

"స్వామీ, నేను పిల్లలు కాకుండా ఏ మాత్రలూ మింగడం లేదు," అని చెప్పింది కోమలి. గొంతు చిన్నదైనా మాట తడబడలేదు.

వరలక్ష్మమ్మ ఆడనే కోడల్ని కరుచుకుని ఏడ్చింది. "నన్ను క్షమించు పాపా, పాడు బుద్ధి పుట్టింది నాకు," అనింది. రెండు డజన్ల గాజులు తన చేత్తో ఎక్కించింది. నేను గండం గడిచిందని గుండె మింద చెయ్యి పెట్టుకున్నా.

మూడో నాడు కోమలి ఫోను చేసింది. "అమ్మా, ఎట్ల మింగేది? స్వామి ముందర చెప్పొచ్చినా కదా. మాత్ర చేతిలోకి తీసుకుంటే చెయ్యి ఆడటం లేదు."

నేను మింగమని చెప్పుంటే అది మింగేది. చెప్పలేదు. రోగం యాడనో దూరంగా, రక్తంలో నంబరుగా ఉండాది. స్వామి మాత్రం, కోమలి తడి చీర ఇంకా ఆరనంత దగ్గరగా ఉన్నాడు నాకు. "ఇంకో నాలుగు దినాలు చూద్దాంలే," అన్నా. నాలుగు దినాలు పోయి వారమాయె, వారం పోయి నెలన్నరాయె. రక్తపరీక్షకి కూడా ఒక నెల రాలేదు. కడుపు నిలబడాల, బస్సు కుదుపులొద్దని వాళ్లత్త ఊరు దాటనిస్తే కదా. తర్వాతి నెల వచ్చింది. అప్పటికి ముట్టు రాలేదు, పొద్దున లేస్తే వాంతి.

కాగితం చూసిన డాక్టరమ్మ కళ్లద్దాలు తీసేసింది. "తగ్గిపోయిన నంబరు మళ్లీ పెరిగింది. మాత్రలు వేసుకుంటున్నావా?"

కోమలి నా తట్టు చూసింది. నేను చెప్పినా, కాణిపాకం నుంచి మొత్తం. ఆమె తిట్టింటే బాగుండు. తిట్టలేదు.

"మాత్ర మానకుండా ఉండుంటే ఇది బిడ్డ కాదని నాకు ఈ రోజే తెలిసేది. ఈ రోజే మందు మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు ఏదీ చెప్పలేను. స్కానింగులో ఇంకా ఏమీ కనిపించడం లేదు. రెండు వారాలు ఆగి మళ్లీ తీయాలి."

కోమలిని మా ఇంట్లోనే పెట్టుకున్నా. మూడో దినం వరలక్ష్మమ్మ కొడుకుతో పాటు దిగింది. చేతిలో పెద్ద డబ్బా నిండా పాలకోవా. వాంతుల సంగతి ఆమెకి ముందే తెలుసు కదా.

"సత్యానికి స్వామి కూలి ఇచ్చినాడు వదినా," అని నా నోట్లో కోవా పెట్టింది. "మగబిడ్డైనా ఆడబిడ్డైనా వినాయకుడి పేరే."

హరినాథ్ గోడకానుకుని ఫోను చూసుకుంటా ఉండాడు. ఆయన చెప్పడు. నూరేండ్లు కూర్చున్నా చెప్పడు. కోవా చేతిలోకి ఉమ్మేసి నేను చెప్పేసినా. ముత్యాల గర్భం, నంబరు, మాత్ర, పది దినాలు, అంతా.

ఆమె అరుస్తాదని ఎదురు చూసినా. డబ్బా మూత పెట్టింది. సరిగ్గా పడలేదని తీసి మళ్లీ పెట్టింది.

"మా ఆనందక్క," అనింది. "గూడూరులో ఇచ్చినాం. కడుపులో బుడగలని తీసేసినారు. ఆరు నెలలకి మళ్లీ కడుపన్నారు. మేమంతా సీమంతం కూడా చేసినాం. బిడ్డా లేదు, ఏమీ లేదు. రక్తం కక్కుకుని పోయింది. ఇరవై రెండేండ్లకే." నా మొగంలోకి చూసింది. "ఏడాది మాత్ర మింగితే చాలని ఒక్క మాట చెప్పుంటే, నేనే నీళ్లు పట్టుకుని నిలబడేదాన్ని కదా వదినా. నన్ను రాకాసి అనుకుంటిరి మీరంతా."

తర్వాత కొడుకు తట్టు తిరిగింది. "నీకు నోరెందుకు ఇచ్చినాడురా దేవుడు? ఇడ్లీ తినేదానికా?"

హరినాథ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ముందే చెప్పుంటే నిజంగా నీళ్లు పట్టుకుని నిలబడేదా, లేక ఇప్పుడు అయిపోయినాక అనేదానికి సులభంగా ఉండాదా? ఎన్నిసార్లు అడుక్కున్నానో నాకే తెలీదు. ఆమె రాకాసి అయ్యుంటే నాకు కొంచెం బరువు తగ్గేది. ఆ రాకాసి కోసమే కదా నేను నా బిడ్డ చేత మాత్ర మాన్పించింది.

రెండు వారాలకి స్కానింగు తీసినారు. బిడ్డ లేదు. నంబరు మూడింతలైంది.

ఇప్పుడు ఇంజెక్షన్లు పడతా ఉండాయి. చానామందికి నయమవుతాదని డాక్టరమ్మ చెప్తాది. మాత్ర మానినందుకే రోగం రాలేదు, వచ్చేది ఎట్లైనా వచ్చేది, మేము పోగొట్టుకుంది టైమే అని కూడా చెప్పింది. "రెండు వారాలే కదా అత్తా," అన్నాడు హరినాథ్ నన్ను ఓదార్చేదానికి. పది దినాలే కదా అని నేనన్నట్టే. ఇంజెక్షన్లు పడే నెలలూ, అవి అయినాక ఇంకో ఏడాదీ అవే మాత్రలంట. మళ్లీ మొదటి అట్ట నుంచి.

వరలక్ష్మమ్మ ఆవుల్ని ఊర్లో అప్పజెప్పి మా ఇంట్లోనే ఉండాది. ఆమెకీ డాక్టరమ్మ బీపీ చూసి, తిట్టి, సెగలకి వేరే మాత్ర రాసిచ్చింది. "ఇది ఇల్లు కాదు వదినా, సుబ్రమణ్యం షాపు," అంటాది ముగ్గురి మాత్రలూ అలమరలో సర్దతా. మొన్న మా అక్క కూతురు ఫోను చేసి, దర్శనానికి వస్తా ఉండాం, ఆపేవి ఒక అట్ట తీసిపెట్టు పిన్నీ అనింది. డబ్బా పారేసినానని చెప్పినా. ఆమెకి కోపమొచ్చింది.

అన్నం తినేసినాక కోమలి గోడకి ఆనుకుని కూర్చుంటాది. జుట్టు పలచబడింది. నేను మాత్ర, నీళ్ల గ్లాసు పట్టుకుని దగ్గరికి పోతాను.

"ఆడ పెట్టుమా," అంటాది. గట్టిగా కూడా అనదు.

పెట్టి వచ్చేస్తాను. వరలక్ష్మమ్మ చెయ్యి తుడుచుకుంటా వచ్చి, అదే మాత్ర, అదే గ్లాసు తీసుకుని ఇస్తాది. ఆమె చేతిలోంచి తీసుకుని మింగతాది నా కూతురు. మింగినట్టు నోరు తెరిచి చూపిస్తాది, వాళ్లత్తకి. నేను వంటింట్లో నిలబడి చూస్తా ఉంటాను.